చుక్కల పెట్ట ధర

నాగాయలంక,
నవంబరు 9, ఆదివారం.

గౌరవనీయులైన రత్నం బావగారికి,

తోమాసు వందనాలు. మీకూ, మా చెల్లెమ్మ స్వర్ణలత గారికీ ఒంట్లో బాగుండాలని పొద్దున చర్చిలో ప్రార్థన చేశాను. చేసిన మాట నిజం. మీ పేరు దగ్గర కొంచెం ఆగాను, అదీ నిజమే.

మొన్న మీరు ఫోన్ చేసినప్పుడు నేను ఊఁ అన్నాను. దానికి మీరు సరే అని అర్థం చేసుకున్నారట, ఝాన్సీ చెప్పింది. సరే అని కాదు. ఫోన్లో మీ మాట ఆగదు, నా మాట మొదలవదు. మీది జీవితమంతా పిల్లలకి పాఠాలు చెప్పిన గొంతు. నాది రొయ్యల చెరువు గట్టు మీద కాపలా. అక్కడ ఎవరితోనూ మాట్లాడే పని ఉండదు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. ఇందులో అయితే నేను చెప్పడం అయ్యేదాకా మీరు ఆగక తప్పదు.

క్రిస్టినా చదువు సంగతి. అది మీ ఝాన్సీ కూతురు, మా శ్యాంబాబు కూతురు. మీకు ఎంత మనవరాలో నాకూ అంతే. ఇంటర్ రెండేళ్ళు గుడివాడలో మీ ఇంట్లో పెట్టుకుని చదివించారు. ఆ మేలు మరిచిపోను. ఇంటర్ అయ్యాక పిల్ల బందరులో అమ్మానాన్నల దగ్గరికి వచ్చేసింది. ఇప్పుడు విజయవాడలో డయాలసిస్ టెక్నాలజీ డిగ్రీకి సీటు ఇస్తామన్నారు. మేనేజ్‌మెంట్ సీటు కాబట్టి ప్రభుత్వం ఫీజు ఇవ్వదు. చదువుకీ హాస్టలుకీ కలిపి అయ్యేదంతా మీ రిటైర్మెంటు డిపాజిట్ తీసి కడతానన్నారు. "అప్పు మాటే వద్దు బావగారూ, పిల్ల అప్పు లేకుండా బయటికి రావాలి" అన్నారు. మంచి మాట. మంచి మాట కాబట్టే నాకు ఆ పూట అన్నం సయించలేదు.

మేము బ్యాంకులో చదువు లోను తీసుకుంటున్నాం. మావాడు సంతకం పెడతాడు. సీటు ఖాయం చేసుకోవడానికి ముందు కట్టాల్సిన నలభై వేలు నేను కడతాను. దానికి నా గేదెను అమ్మేశాను. మీ డిపాజిట్ మీ దగ్గరే ఉండనివ్వండి.

ఎందుకు వద్దంటున్నానో కూడా రాయాలి. మావాడు బందరులో గిలకలదిండి ఐసు ఫ్యాక్టరీ నుంచి వచ్చి అన్నం తింటుంటే నేను ఒక మాట అన్నాను. "మామగారి డబ్బుతో కూతుర్ని చదివించుకున్నాడని అనిపించుకుంటావట్రా" అన్నాను. వాడి ముద్ద చేతిలోనే ఆగిపోయింది. మర్నాడు పని మానుకుని బ్యాంకుకి పోయి కాగితాలు తెచ్చాడు. నేను మాట్లాడేదే తక్కువ. ఆ తక్కువలో ఒకటి అలా పోయి తగిలింది.

ఇంకొకటి కూడా రాస్తాను, మీరు నవ్వుకున్నా సరే. దసరాకి పిల్ల నా దగ్గర ఉంది. కాఫీ గ్లాసుని రెండు చేతుల మధ్య పెట్టుకుని చల్లారేదాకా చూస్తూ కూర్చుంటోంది. పేపరు నిలువుగా మడిచి చదువుతోంది. ఇవన్నీ మీవి. చేతివేళ్ళు మాత్రం మావాళ్ళవి, పొడుగ్గా ఉంటాయి. ఆ వేళ్ళతో మీ మడత. ఒకరోజు పశువుల డాక్టరు వచ్చి "మీ తాతయ్య ఏం చేస్తారమ్మా" అని అడిగాడు. "హెడ్మాస్టర్‌గా చేసి రిటైరయ్యారండీ" అంది. నేను అక్కడే ఉన్నాను. దడి కడుతున్నాను. మిమ్మల్ని మీరు అంటుంది, నన్ను నువ్వు అంటుంది. దాని తప్పేం లేదు, హెడ్మాస్టరు హెడ్మాస్టరే.

సైకిలు మీరు కొన్నారు. కళ్ళజోడు మీరు కొన్నారు. చదువుకునే బల్ల మీరు చేయించారు. నా దగ్గర దానిది ఒకటే ఉంది, చుక్కల పెట్ట. కోడిపిల్లగా ఉన్నప్పుడు జేబులో పెట్టుకుని తిరిగింది. గుడివాడ వచ్చేటప్పుడు నా చేతిలో పెట్టి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తుంది. "తాతా, నా పెట్ట ఎట్టా ఉంది? గుడ్లు ఎక్కడ పెడుతోంది?" అని అడుగుతుంది. నేను చెబుతాను. ఆ కాసేపు నాది. ఆ రెండేళ్ళూ మిగతా వారమంతా మీదే. ఇప్పుడు ఆ డిగ్రీ కూడా మీదే అయితే, రేపు అది తెల్లకోటు వేసుకుని నిలబడినప్పుడు నేను ఏ మూల నిలబడాలి బావగారూ?

కోపం తెచ్చుకోవద్దు. లోను సంగతి ఖాయం.

మీ వియ్యంకుడు
తోమాసు


నాగాయలంక,
నవంబరు 25.

రత్నం బావగారికి వందనాలు.

మీ జవాబు అందింది. రెండు పేజీలు వస్తుందనుకున్నాను, రెండే వాక్యాలు వచ్చాయి. "మీ ఇష్టం బావగారూ. పిల్ల ఇష్టం కూడా అడిగారా?" అని రాశారు. మొదటిది చదివి ఊపిరి పీల్చుకున్నాను. రెండోది గుచ్చుకుంది. అడగలేదు. మీరు మాత్రం అడిగారా అని రాద్దామనుకున్నాను. అడిగే ఉంటారని భయం వేసి మానేశాను.

నిన్న నేను బందరు వెళ్ళాను. మావాడూ ఝాన్సీ పిల్లా నేనూ బ్యాంకుకి పోయాం. బ్యాంకులో ఆఫీసరు చిన్న కుర్రాడు, మర్యాదగా కూర్చోబెట్టాడు. చదువైపోయి ఉద్యోగం వచ్చాక కట్టడం మొదలుపెట్టొచ్చట. వడ్డీ మాత్రం డబ్బు ఇచ్చిన రోజు నుంచీ లెక్కలోకి వస్తుందట. నేను తల ఊపుతూ కూర్చున్నాను. పిల్ల ముందుకు వంగి, "సర్, చదువుకునే రోజుల్లో వడ్డీ సింపులా, కాంపౌండా? మా తాతయ్య అడగమన్నారు" అంది. ఆ కుర్రాడు నా వైపు తిరిగి, "మంచి ప్రశ్నండీ" అన్నాడు. నేననుకున్నాడు. నేను కాదని చెప్పడానికి నోరు రాలేదు. మీకు రావాల్సిన మెప్పు ఒకటి నా దగ్గర ఉండిపోయింది. తిరిగి ఇచ్చే దారి తెలియక ఇందులో రాస్తున్నాను.

అక్కణ్ణుంచి పెద్దాసుపత్రికి వెళ్ళాం. హిమబిందు మీకు గుర్తుండాలి. మా కృపావతి పోయేదాకా వారం వారం డయాలసిస్ చేసిన అమ్మాయి. అప్పుడు క్రిస్టినా నానమ్మ పక్కన స్టూలు వేసుకుని ఆ పిల్ల చేతులనే చూస్తూ కూర్చునేది. ఈ చదువు మీద మనసు పడింది అక్కడే. హిమబిందు డ్యూటీ మధ్యలో బయటికొచ్చి టీ తాగుతూ మాట్లాడింది.

"తాతగారూ, నిజం చెప్పనా, మీకు నచ్చేది చెప్పనా?" అంది.

"నిజమే చెప్పమ్మా" అన్నాడు మావాడు.

"నేను డిగ్రీ చేశాను అంకుల్. నాలుగు లక్షల లోను. నెలకి చేతికొచ్చేది పద్నాలుగు వేలు. అందులో ఆరు వేల పైన బ్యాంకే పట్టుకుపోతుంది. గది అద్దె ఇప్పటికీ మా అమ్మ కడుతోంది. నా పక్క మెషీను చూసే దీప్తి రెండేళ్ళ డిప్లొమా చేసింది. దానిదీ పద్నాలుగు వేలే. దానికి లోను లేదు. నెలాఖరుకి దాని దగ్గరే చేబదులు తీసుకుంటా. నన్ను డిగ్రీ మేడమ్ అని ఏడిపిస్తది."

"అయితే డిగ్రీ దండగంటావా?" అంది ఝాన్సీ.

"దండగెందుకవుద్ది ఆంటీ. పెద్ద ఆసుపత్రుల్లో పైకెళ్ళాలన్నా, వేరే దేశం వెళ్ళాలన్నా అదే కావాలి. కాకపోతే మొదటి ఐదారేళ్ళు నా డిగ్రీ నాకు పని చెయ్యదు, బ్యాంకుకి చేస్తది."

క్రిస్టినా టీ గ్లాసు పక్కన పెట్టింది. "అక్కా, పనిలో తేడా ఉంటుందా మీ ఇద్దరికీ?" అంది.

"సూది గుచ్చేటప్పుడు పేషెంటు సర్టిఫికెట్ అడగడు. నెప్పి పుడుతుందా లేదా అదే చూస్తాడు. చదువుతో వచ్చేది కొంత, చేతితో వచ్చేది కొంత."

మావాడి మొహం చూశాను. ఐసు దిమ్మలు మోసి మోసి వాడి ఒక భుజం కిందికి జారింది. వాడు తన జీతం మీద ఒక నెల కూడా ఆరు వేలు పక్కన పెట్టింది లేదు. అక్కడ నేను ఒక మాట అనొచ్చు. "ఎందుకురా ఈ బాధ, రత్నం బావగారు కడతానంటున్నారు కదా" అని. ఆ మాట గొంతు దాకా వచ్చింది. అప్పుడే పిల్ల, "తాతయ్య కూడా ఇదే చెప్పారు" అని ఝాన్సీతో మెల్లగా అంది. మాట లోపలికి పోయింది. టీ తాగేశాను. వేడిగా ఉంది, నాలిక కాలింది. మీ పేరు ఇంకొకసారి వినపడకపోయి ఉంటే ఆ మాట బయటికి వచ్చేదేమో. రాలేదు. లోనే తీసుకుంటున్నాం.

డిసెంబరు పద్నాలుగు ఆదివారం మా చర్చిలో కోత పండుగ. మీరూ చెల్లెమ్మా తప్పకుండా రావాలి. మీ గుడివాడలో కానుక కవర్లో పెట్టి ఇస్తారని విన్నాను. మా దగ్గర ఇంకా కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చి బల్ల ముందు పెడతాం. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాట పెడతారు. ఎక్కువ పాడినవాళ్ళవి. డబ్బు దేవుడిది. క్రిస్టినా ఈసారి తన చుక్కల పెట్టని ఇస్తానంది, సీటు వచ్చినందుకు. నేను వద్దనలేకపోయాను. మర్నాడు సోమవారం వెళ్ళి ఆ నలభై వేలు కాలేజీలో కట్టాలి.

భోజనం మా ఇంట్లోనే.

తోమాసు


నాగాయలంక,
డిసెంబరు 16.

రత్నం బావగారికి,

మొన్న జరిగింది మీ కళ్ళ ముందే జరిగింది. అయినా రాస్తున్నాను. మీరు కూర్చున్న వైపు నుంచి కనపడింది వేరు, నా లోపల జరిగింది వేరు.

మీరు తెల్ల చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నారు. పాస్టరుగారు మీ చేత వాక్యం చదివించారు. బాగా చదివారు. మా పేటవాళ్ళు మెడలు తిప్పి మరీ చూశారు. క్రిస్టినా మీ పక్కన కూర్చుంది. నేను వెనక కిటికీ దగ్గర, ఎప్పుడూ కూర్చునే చోట. గేదె డబ్బు చొక్కా లోపలి జేబులో ఉంది. ఇంట్లో పెడితే ఎవరూ లేరని వెంట తెచ్చుకున్నాను. ఆ డబ్బు తడుముకుంటూ వాక్యం విన్నాను.

పాట మొదలయ్యాక ధాన్యం పోయింది, గుమ్మడికాయలు పోయాయి. పెట్టని బల్ల మీదకి ఎత్తారు. పాట పెట్టే యేసుపాదం నోరు మీరు చూశారుగా. "పిల్ల చదువు మొక్కు, రెండొందల నుంచి" అన్నాడు. మీరు చెయ్యెత్తి ఐదొందలన్నారు. నవ్వుతూనే అన్నారు. అతను "గుడివాడ హెడ్మాస్టరు గారిది ఐదొందలు. నాగాయలంకలో మగాళ్ళు లేరా, పెట్ట బస్సెక్కి పోతోందర్రా" అన్నాడు. అందరూ నవ్వారు. మీ పక్కన పిల్ల కూడా నవ్వింది.

నేను వెయ్యి అన్నాను. నా మాట యేసుపాదానికి వినపడలేదు. పక్కవాళ్ళు చెప్పారు. మీరు వెనక్కి తిరిగి చూసి రెండు వేలన్నారు. మూడన్నాను. ఐదన్నారు. ఆరన్నాను. ఇంకా నవ్వుతూనే పదన్నారు. నేను ఇరవై అన్నప్పుడు మీ నవ్వు పోయింది. నవ్వు పోవడం చూసి నాకు సంతోషం వేసింది. అంత పాడు సంతోషం నా బతుకులో ఎప్పుడూ కలగలేదు. మీరు ఇరవై ఐదన్నారు. అప్పుడు నేను లేచి నిలబడ్డాను. "నలభై" అని అరిచాను. కిటికీ మీద కూర్చున్న కాకి లేచిపోయింది. మీరు కూర్చుండిపోయారు. రబ్బరు బ్యాండు కూడా తియ్యకుండా మొత్తం తీసుకెళ్ళి పళ్ళెంలో పెట్టాను. చప్పట్లు కొట్టారు. కొట్టి, మెల్లగా ఒక్కొక్కరూ ఆపేశారు. పేటలో అందరికీ తెలుసు అది గేదె డబ్బని.

తరవాత పిల్ల చేసింది మీరూ చూశారు. నా చేతిలోంచి పెట్టని తీసుకుని బల్ల మీద పెట్టింది. "మావయ్యా, దీన్ని మళ్ళీ పాట పెట్టండి" అంది యేసుపాదంతో. మా దగ్గర ఆ ఆనవాయితీ ఉంది, కొన్నది దేవుడికే తిరిగి ఇచ్చేస్తే రెండోసారి పాడతారు. "తాత దేవుడికి ఇచ్చేశాడు. అంతేగా తాతా?" అంది. తల ఊపాను. "నా పాట వంద" అంది. ముందు మిమ్మల్ని చూసింది, తరవాత నన్ను చూసింది. యేసుపాదం కూడా హాస్యం మానేశాడు. ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు. ఎవరూ ఎదురు పాడలేదు, మూడోసారి అనేశాడు. అది పర్సులోంచి వంద రూపాయలు తీసి పళ్ళెంలో వేసి పెట్టని చంకలో పెట్టుకుంది.

బయట చెప్పులు వేసుకుంటుంటే మనిద్దరినీ నిలబెట్టి అడిగింది. "నా పెట్టని పాట పాడారు, బాగుంది. నెల రోజుల్నించి నా చదువుని కూడా ఇట్టాగే పాడుతున్నారు ఇద్దరూ. ఎక్కువ పాడినాయనకి నన్ను కూడా చంకలో పెట్టి ఇచ్చేస్తారా?" మీరు ఏదో అనబోయారు. మీకు కూడా మాట రాకపోవడం మొదటిసారి చూశాను. ఈసారి సంతోషం వెయ్యలేదు. వాళ్ళ అమ్మతో బందరు బస్సెక్కేటప్పుడు పెట్టని నా చేతిలో పెట్టింది.

బావగారూ, ఇప్పుడు అసలు సంగతి. ఆ పెట్ట క్రిస్టినా పెట్ట కాదు. దాన్ని కిందటేడు వానల్లో బావురుపిల్లి పట్టుకుపోయింది. గట్టు మీద ఈకలు మాత్రం దొరికాయి. ఆదివారం ఫోన్ వస్తుంది, ఏం చెప్పాలి? అవనిగడ్డ సంతకి పోయి అలాంటి చుక్కలది వెతికి కొనుక్కొచ్చాను. పోయిందని చెబితే ఫోన్ మానేస్తుందని భయం. కోడి లేకపోతే నాకూ దానికీ మధ్య మాట్లాడుకోవడానికి ఏముంది? సంతలో కొన్న కోడిని నలభై వేలకి మళ్ళీ కొన్నాను. పిల్ల మొదటి ఫీజుతో కొన్నాను.

పాస్టరుగారు సాయంత్రం ఇంటికి వచ్చి, "తోమాసూ, తొందరపడ్డావేమో" అన్నారు. లేదన్నాను. దేవుడికి ఇచ్చింది వెనక్కి అడగను. కాని దేవుడికి ఇద్దామని ఇవ్వలేదు కదా, మీకు దక్కకూడదని ఇచ్చాను. అది ఆయనకీ తెలుసు.

నిన్న బందరు వెళ్ళి మావాడితో చెప్పాను. "నేను అన్న మాట మనసులో పెట్టుకోకురా. అది పరువు కాదు, కుళ్ళు" అన్నాను. వాడు నా మొహంలోకి చూడలేదు. "నాకు తెలుసులే నాన్నా" అన్నాడు. తెలిసి కూడా బ్యాంకుకి వెళ్ళాడు. నా కుళ్ళుకి వాడి కూతురు ఆరేడేళ్ళు నెలనెలా కట్టుకోవాలి, అదీ నేను చెయ్యబోయింది. లక్షలు మీ దగ్గర ఊరికే పడి ఉంటే, పిల్ల మెడకి అప్పు కట్టబోయాను. అప్పయితే మీ పేరు ఉండదని.

కాలేజీవాళ్ళు శనివారం దాకా ఆగుతామన్నారట. ఫీజు మీరు కట్టండి బావగారూ. నేను అడ్డం రాను. మనస్ఫూర్తిగా అడుగుతున్నానని రాద్దామనుకున్నాను. అబద్ధం అవుతుంది. మనసు ఇంకా మండుతోంది. మండుతూనే అడుగుతున్నాను.

తోమాసు


నాగాయలంక,
డిసెంబరు 28, ఆదివారం.

ప్రియమైన బావగారికి,

మీ ఉత్తరం వచ్చిన రోజునే ఝాన్సీ ఫోన్ చేసి చెప్పింది. మీరు చెక్కు పట్టుకుని బందరు వెళ్ళారనీ, పిల్ల మీకు కాఫీ ఇచ్చి చెక్కు మడిచి మీ జేబులోనే పెట్టిందనీ. విజయవాడ సీటు వదిలేసిందట. బందరులోనే ప్రభుత్వ కాలేజీలో రెండేళ్ళ డిప్లొమాకి చేరిందట. ఫీజు మావాడి జీతంలోనే సరిపోతుంది. ఇంట్లోనే ఉండి వెళ్ళొస్తుంది. "ముందు చెయ్యి తిరగాలి, జీతం రావాలి. డిగ్రీ ఆ తరవాత చేస్తాను. అప్పుడు అప్పు చెయ్యాల్సొస్తే నా సంతకం నేను పెట్టుకుంటాను" అందట. హిమబిందు దగ్గర కూర్చుని ఈ ఆలోచన ఎప్పుడో చేసుకుందట. పండుగ ముందే. మనం పాడుకుంటుంటే చూస్తూ కూర్చుంది.

మీ డిపాజిట్ మీ బ్యాంకులోనే ఉంది. నా గేదె చర్చి పైకప్పు అయింది. నిన్న రేకులు తెచ్చి పైకెక్కించారు. ఇద్దరం ఓడిపోయాం బావగారూ. నేనొక్కణ్ణే ఓడిపోయి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు.

మీరు రాసిన దాంట్లో ఒక చోటుకి మళ్ళీ మళ్ళీ వెళ్తున్నాను. "ఇరవై ఐదు దగ్గర ఆగింది డబ్బు లేక కాదు బావా. ఇన్నేళ్ళలో మీ గొంతు వినడం అదే మొదటిసారి. దానికి ఎదురు పాడబుద్ధి కాలేదు" అని రాశారు. నేను గెలిచాననుకున్నాను. మీరు వింటున్నారని తెలియదు.

దాని కింద రాసింది చెరువు గట్టు మీద కూర్చుని చదివాను. ఆదివారం మధ్యాహ్నాలు మీకు కడుపు మండేదని రాశారు. వారమంతా మీరు చెప్పిన పాఠాలకి "అలాగే తాతయ్యా, సరేనండి" అనే పిల్ల, ఆదివారం ఫోన్ పట్టుకుని డాబా మీదకి పోయి పగలబడి నవ్వేదని రాశారు. మీరు ఒకసారి విసుక్కుని, "ఏమిటమ్మా వారం వారం ఆ కోడి గోల" అంటే, "కోడి ఎప్పుడో పోయింది తాతయ్యా. ఇది వేరేది. అరుపు ఫోన్లో తెలిసిపోతుంది. కోడి గురించి అడిగితేనే మా తాత మాట్లాడతాడు. ఇంకేం అడిగినా ఊఁ అంటాడు" అందని రాశారు. ఏడాది పైగా ఇది మీ దగ్గర పెట్టుకుని నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడా మీరే రాశారు. నాకు తెలిస్తే ఇంకా గర్వపడతానని మీకు కష్టం వేసిందట. "నన్ను మీరు అంటుంది, మిమ్మల్ని నువ్వు అంటుంది, అది నాకు ఎలా ఉండేదో మీకేం తెలుసు" అన్నారు.

హెడ్మాస్టర్లకి కూడా ఉంటుందన్నమాట. నాకు కొంచెం స్థిమితంగా అనిపించింది. ఇది మంచి మాట కాదు, అయినా రాశాను.

ఇవాళ మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. పండుగ తరవాతి ఆదివారం రాలేదు, ఇవాళ వచ్చింది. "తాతా, నా పెట్ట ఎట్టా ఉంది?" అంది.

"అది నీ పెట్ట కాదమ్మా" అన్నాను.

"తెలుసులే. అవనిగడ్డ పెట్ట ఎట్టా ఉంది?" అంది.

"బాగుంది" అన్నాను. అక్కడ ఆగిపోవాలి మామూలుగా. అది కూడా ఆగింది. అప్పుడు నేను చెరువులో రాత్రి నీరు ఎందుకు మారిందో చెప్పాను. చర్చి మీదకి రేకులు ఎక్కిస్తుంటే యేసుపాదం నిచ్చెన మీద ఎలా వణికాడో చెప్పాను. వాళ్ళ నానమ్మ మెషీను మీద ఉన్నప్పుడు నేను బయట వరండాలో కూర్చుని ఏం ఆలోచించేవాణ్ణో చెప్పాను. అది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మీకూ చెప్పను. కోడి ఊసు ఎక్కడా రాలేదు. అది ఊఁ అంటూ వింది బావగారూ. ఈసారి ఊఁ అన్నది అది.

చెవి వేడెక్కేదాకా మాట్లాడాను. చివర్లో, "తాతా, తాతయ్యకి మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయంట, నువ్వేమైనా అడిగావా?" అంది. అక్కడ మళ్ళీ భగ్గుమంది. అంతసేపు మాట్లాడిన ఫోను ఆఖరికి మీ మోకాళ్ళ దగ్గరికి పోయి ఆగింది.

వావిలాకు ఒక కట్ట రేపు గుడివాడ బస్సులో కండక్టరు చేతికిచ్చి పంపుతాను. నీళ్ళలో మరగబెట్టి కాపడం పెట్టుకోమని చెల్లెమ్మకి చెప్పండి. వచ్చే ఆదివారం లోపల తగ్గించుకోండి బావా. మళ్ళీ ఫోనంతా వాటి గురించే అయితే నేను ఊరుకోను.

మీ
తోమాసు